వెయ్యి ప్రతులు ఎటు పోయాయి? రాయల్టీ లెక్క అడగడం, చదవడం

‘మీ పుస్తకం బాగానే పోతోందండీ’ అని ప్రచురణకర్త ఫోన్లో చెప్తే సంతోషించవచ్చు. కానీ అందులో అంకె లేదు. పోనీ అంకె అడిగినా చిక్కే. ఒకే పుస్తకానికి, ఒకే ఏడాదికి మూడు అంకెలు చెప్పొచ్చు, మూడూ నిజమే కావచ్చు. గోడౌన్ నుంచి షాపులకు వెళ్లిన ప్రతులు ఒక అంకె. పాఠకుడు డబ్బిచ్చి కొనుక్కుపోయినవి రెండో అంకె. షాపు నుంచి ప్రచురణకర్తకు డబ్బు ముట్టినవి మూడోది. ఈ మూడింటి మధ్య ఒక్కోసారి ఏడాదీ రెండేళ్లూ ఎడం ఉంటుంది. రాయల్టీ, అంటే అమ్మకాల మీద రచయితకు రావాల్సిన వాటా, వీటిలో దేని మీద కడతారో ఒప్పందంలో రాసుకోకపోతే తర్వాత ఎంత వాదించుకున్నా తేలదు.

తెలుగు పుస్తకాల వ్యాపారం ఎక్కువగా ‘అమ్మితే డబ్బు, మిగిలితే వాపసు’ పద్ధతిలో నడుస్తుంది. పంపిణీదారు 40 నుంచి 50 శాతం దాకా కమిషన్ మీద పుస్తకాలు తీసుకుంటాడు. అందులో కొంత వదులుకుని ఊళ్లలోని షాపులకు ఇస్తాడు. షాపులో అమ్మిన డబ్బు ముందు పంపిణీదారుకు, అక్కణ్ణుంచి ప్రచురణకర్తకు చేరాలి. ఒంగోల్లోనో వరంగల్లోనో ఎవరో పుస్తకం కొన్న సంగతి ప్రచురణకర్తకు ఆ రోజు తెలీదు, తెలిసే ఏర్పాటూ లేదు. ఇంగ్లీషు పుస్తకాలకైతే నీల్సన్ బుక్‌స్కాన్ లాంటి సంస్థలు షాపుల బిల్లింగ్ యంత్రాల నుంచి అమ్మకాలు పోగేసి ప్రచురణకర్తలకు అమ్ముతాయి. మన చిన్న షాపులు, బుక్ ఫెయిర్ స్టాళ్లు ఆ లెక్కలోకి రావు. కాబట్టి తెలుగు రచయితకు దొరికే ఆధారమల్లా స్టాకు లెక్కే. అచ్చయినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని, మధ్యలోవి ఎటు వెళ్లాయి అన్నది తేలితే అమ్మకం దానంతటదే తేలుతుంది.

ఈ లెక్కకు మొదటి అంకె పుస్తకంలోనే ఉంటుంది. ప్రచురణ వివరాల పేజీలో ‘ప్రథమ ముద్రణ, ప్రతులు: 1000, వెల, ప్రతులకు’ అని వరసగా వేస్తాం కదా, అందులో ‘ప్రతులు’ అన్న చోటు. అయితే అక్కడ అచ్చేసినదాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. ఆఫ్‌సెట్‌లో ఒకేసారి వెయ్యి వేస్తే ఆ అంకె అర్థవంతం. డిజిటల్ ప్రెస్‌లో 200, 300 చొప్పున విడతలుగా వేయిస్తూ ఆ పేజీని మార్చకుండా వదిలేస్తే రచయిత కళ్లకు అది ఎప్పటికీ మొదటి ముద్రణే. అందుకే ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి: ప్రతి విడత ముద్రణకూ ముందు రచయితకు రాతపూర్వకంగా తెలియజేయాలి, అడిగితే ప్రెస్ బిల్లు నకలు ఇవ్వాలి. చిన్న వాక్యమే. కానీ తర్వాతి గొడవల్లో సగం దీనితోనే తప్పిపోతాయి.

ఒక లెక్క కట్టి చూద్దాం

వెల రూ.200, అచ్చయినవి 1000, రాయల్టీ 10 శాతం అనుకుందాం. మార్చి 31 నాటికి లెక్క ఇలా ఉంది:

రచయితకు ఇచ్చినవి 20
సమీక్షలకు, కానుకగా ఇచ్చినవి 40
చట్టప్రకారం జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు పంపినవి 4
పాడైపోయినవి 11
పంపిణీదారులకు పంపినవి 500, వాటిలో వాపసు వచ్చినవి 120, డబ్బు ముట్టినవి 230
బుక్ ఫెయిర్లలో అమ్మినవి 95
ఆఫీసు నుంచి, ఫోన్ ఆర్డర్ల మీద నేరుగా అమ్మినవి 130

పంపిన 500లో వాపసు వచ్చిన 120, డబ్బు ముట్టిన 230 తీసేస్తే ఇంకా షాపుల్లో 150 ఉండాలి. గోడౌన్‌లో 320 ఉండాలి. కూడి చూసుకోండి: డబ్బు వచ్చినవి 455 (230, 95, 130), షాపుల్లో 150, గోడౌన్‌లో 320, ఉచితంగా వెళ్లినవీ పాడైనవీ కలిపి 75. మొత్తం 1000. ఇలా సరిపోతేనే అది లెక్క. స్టేట్‌మెంట్‌లో ‘అమ్మినవి: 455, రాయల్టీ: రూ.9,100’ అని ఒకే వరస ఉంటే అది తప్పని అనలేం, సరైనదని కూడా అనలేం.

ఇప్పుడు అసలు తిరకాసు. పై లెక్కలో ఒక్క ప్రతి కూడా అటూ ఇటూ కాలేదు, అయినా రాయల్టీ మూడు రకాలుగా రావచ్చు. డబ్బు ముట్టిన ప్రతుల మీద, అచ్చు వెలలో 10 శాతం అయితే 455కు ఇరవై రూపాయల చొప్పున రూ.9,100. షాపులకు పంపి, వాపసు పోగా మిగిలినవన్నీ అమ్మినట్టే అనుకుంటే 380కి బుక్ ఫెయిర్, నేరు అమ్మకాలు 225 కలిపి 605 ప్రతులు, రూ.12,100. అలా కాక ‘నికర రాబడి మీద 10 శాతం’ అని ఒప్పందంలో ఉంటే? పంపిణీదారు 45 శాతం తీసుకున్నాడనుకుంటే ప్రతికి వచ్చేది రూ.110. 230 ప్రతులకు రూ.25,300. బుక్ ఫెయిర్‌లో 10 శాతం తగ్గించి అమ్మిన 95కు రూ.17,100. నేరుగా అమ్మిన 130కి రూ.26,000. మొత్తం రూ.68,400, అందులో రచయితకు రూ.6,840.

కొత్త రచయితలు శాతం దగ్గర బేరమాడతారు గానీ, దేని మీద శాతం అన్నది వదిలేస్తారు. నికర రాబడి మీద 12 శాతం అంటే వినడానికి బాగుంటుంది. పై లెక్కలో అది రూ.8,208, అంటే వెల మీద 10 శాతం కన్నా తక్కువే. పైగా ‘నికర’ అన్న మాటలో ఏమేం తీసేస్తారో విడిగా రాయకపోతే తపాలా, ప్యాకింగ్, స్టాలు అద్దె కూడా అందులోకి చేరిపోతాయి. నా మటుకు నేను వెల మీదే కట్టమంటాను. శాతం ఒకటి తగ్గినా ఫరవాలేదు, రచయిత తనంతట తాను లెక్క చూసుకోగలడు.

రెండో ఏడాది స్టేట్‌మెంట్ వచ్చాక మొదట చూడాల్సింది అమ్మకాలు కాదు, ప్రారంభ నిల్వ. పోయిన మార్చి 31న ముగింపు నిల్వ 320, షాపుల్లో 150 అన్నప్పుడు ఏప్రిల్ 1న అవే అంకెలతో మొదలవ్వాలి. చాలా స్టేట్‌మెంట్లు ఇక్కడే తప్పుతాయి. మోసం వల్ల కాదు, ఎక్కువగా వాపసుల వల్ల. షాపు నుంచి తిరిగొచ్చిన కట్ట విప్పకుండా మూల పడి ఉంటుంది, పుస్తకాల పద్దులో ఎక్కదు. లేదా పంపిణీదారు ఒక షాపు నుంచి తీసి మరో షాపుకు పంపేస్తాడు, ప్రచురణకర్తకు చెప్పడు. లేదా బుక్ ఫెయిర్‌కు మూడు అట్టపెట్టెలు వెళ్లి రెండు వస్తాయి, మూడోది అమ్మకమా, నష్టమా అని ఎవరూ తేల్చరు. డిసెంబర్‌లో హైదరాబాద్, జనవరిలో విజయవాడ బుక్ ఫెయిర్లు ముగిశాక ఫిబ్రవరిలో ఒకసారి స్టాకు అడగడం మంచిదనేది ఇందుకే. మార్చి దాకా ఆగితే ఆ పెట్టెలు ఎవరికీ గుర్తుండవు.

అడిగే తీరు

ఫోన్లో అడిగితే ఫోన్లోనే జవాబు వస్తుంది, అది చేతికి చిక్కదు. మర్యాదగా ఒక ఉత్తరమో ఈమెయిలో రాయండి. పుస్తకం పేరు, ఐఎస్‌బీఎన్, ఒప్పందం తేదీ పైన వేసి, ఇంత చాలు:

‘గౌరవనీయులు ... గారికి, నమస్కారం. పై పుస్తకానికి సంబంధించి ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఈ వివరాలు పంపగలరు: ప్రారంభ నిల్వ, ఈ కాలంలో ముద్రించిన ప్రతులు, తేదీలు, పంపిణీదారులకు పంపినవి, వాపసు వచ్చినవి, నేరుగా అమ్మినవి, ఉచిత ప్రతులు, పాడైనవి, ముగింపు నిల్వ, రాయల్టీ కట్టిన ధర, శాతం, ఈ-బుక్, ఆడియో, అనువాద హక్కుల మీద వచ్చిన మొత్తం ఏదైనా ఉంటే దాని వివరం.’

చివరి వరస చాలామంది అడగరు. ఈ-బుక్ ఎవరో ఒక యాప్‌లో పెట్టి ఉంటారు, ఆడియో హక్కు ఇంకెవరికో ఇచ్చి ఉంటారు, వచ్చిన కొద్ది మొత్తం ప్రచురణకర్త ఖాతాలో కలిసిపోతుంది. చందా మీద నడిచే ఆడియో, చదువు యాప్‌లలో ‘అమ్మిన ప్రతి’ అనేదే ఉండదు. విన్న గంటలనో, చదివిన పేజీలనో బట్టి డబ్బు కడతారు, లేదంటే ఒకేసారి మొత్తం ఇచ్చేస్తారు. ఏ పద్ధతిలో ఇచ్చారన్నది అడిగి రాయించుకోవాలి.

గ్రంథాలయాల కొనుగోళ్లు కూడా విడిగా చూపమనాలి. గ్రంథాలయ సంస్థలకో, రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ద్వారానో ఒకేసారి ఎక్కువ ప్రతులు వెళ్తే ఆ ఏడాది లెక్క ఎగురుతుంది. కానీ డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఆ ప్రతులకు రాయల్టీ బిల్లు వేసిన ఏడాదా, డబ్బు వచ్చిన ఏడాదా అన్నది ఒప్పందంలో ఉంటే మంచిది. ఎక్కువ తగ్గింపు మీద ఇచ్చే ఈ అమ్మకాలకు రాయల్టీ తక్కువ అని కొన్ని ఒప్పందాల్లో రాస్తారు. ఎంత తగ్గింపు దాటితే ఆ షరతు వర్తిస్తుందో చూసుకోండి.

ఇంగ్లీషులో రాసేవాళ్ల సంగతి వేరు

పెద్ద ఇంగ్లీషు ప్రచురణ సంస్థలతో ఒప్పందం అంటే ముందస్తు సొమ్ము ఉంటుంది. రాయల్టీ అంతా మొదట ఆ అడ్వాన్సుకే జమ అవుతుంది, అది తీరాకే చేతికి డబ్బు. కాబట్టి స్టేట్‌మెంట్‌లో చెల్లించాల్సింది సున్నా అని ఉన్నంత మాత్రాన పుస్తకం అమ్మలేదని కాదు. ఇంకా తీరని అడ్వాన్సు మైనస్‌లో కనిపిస్తుంది, ఆ అంకె ఏటా ఎంత తగ్గుతోందో చూడాలి. అమెరికా, బ్రిటన్ స్టేట్‌మెంట్లలో ‘వాపసుల కోసం ఆపినది’ అని ఇంకో వరస కనిపిస్తుంది. షాపుల నుంచి ప్రతులు తిరిగి రావచ్చని కొంత రాయల్టీ పట్టి ఉంచి, తర్వాతి స్టేట్‌మెంట్లలో వదులుతారు. మూడు నాలుగు స్టేట్‌మెంట్లు గడిచినా అది అలాగే ఉంటే అడగాల్సిందే. పెద్ద సంస్థలు కొన్ని రచయితలకు లాగిన్ ఇచ్చి వారం వారం అంకెలు చూపిస్తాయి. అవి పంపిన ప్రతులా, షాపులో అమ్మినవా అన్నది ఆ పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

అమెజాన్‌లో కనిపించే బెస్ట్‌సెల్లర్ ర్యాంకును అమ్మకాల లెక్క అనుకోకండి. అది తక్కిన పుస్తకాలతో పోల్చి ఇచ్చే స్థానం, తరచూ మారుతుంది. రోజుల తరబడి ఎవరూ కొనని పుస్తకాన్ని ఒకరు కొంటే ర్యాంకు లక్షల్లోంచి ఒక్కసారిగా వేలల్లోకి దూకుతుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడానికి బాగుంటుంది, అంతే. పైగా అక్కడ అమ్మే వ్యక్తి ఎప్పుడో టోకున కొనుక్కున్న షాపువాడై ఉండొచ్చు. ఆ ప్రతికి రాయల్టీ నిరుడే వచ్చేసి ఉంటుంది.

అమెజాన్ వారి కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్, అంటే కేడీపీలో సొంతంగా పెట్టుకున్న ఈ-బుక్‌లకు మాత్రం లెక్క మన కళ్లెదుటే ఉంటుంది. 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల విభాగం మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, తెలుగు లేదు. కాబట్టి ఇది ఇంగ్లీషులో రాసే మనవాళ్లకు పనికొచ్చే సంగతి. రిపోర్టుల్లో ఆర్డర్లు వేరు, రాయల్టీ వేరు. ఆర్డరు ఈ రోజు కనిపించినా డబ్బు ఆ నెల ముగిశాక సుమారు 60 రోజులకు వస్తుంది. రాయల్టీ 35 శాతం, 70 శాతం అని రెండు రకాలు. 70 శాతంలో ఫైలు సైజును బట్టి డెలివరీ ఖర్చు తీసేస్తారు, అందుకే బొమ్మలు ఎక్కువున్న పుస్తకానికి 35 శాతమే లాభం కావచ్చు. భారతదేశంలో అమ్మకాలకు 70 శాతం రావాలంటే కేడీపీ సెలెక్ట్‌లో చేర్చాలి, అంటే ఆ ఈ-బుక్ ఇంకెక్కడా ఉండకూడదు. చందా మీద నడిచే కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చదివిన పేజీలకు ఇచ్చే రేటు నెలనెలా మారుతుంది. పన్ను వివరాల దగ్గర పాన్ నంబరు సరిగా ఇస్తే అమెరికాలో అమ్మకాల మీద కోసే పన్ను 30 శాతం బదులు రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతమే. ఈ ఒక్క గడి ఖాళీగా వదిలి ఏళ్లపాటు రెట్టింపు పన్ను కట్టుకునేవాళ్లు ఉన్నారు.

సొంత ఖర్చుతో అచ్చేసుకున్నవాళ్లకు

తెలుగులో ఎక్కువమంది పరిస్థితి ఇదే. ఇక్కడ రాయల్టీ అనే మాటే లేదు, ఉన్నది బాకీ వసూలు. షాపుకు పుస్తకాలు ఇచ్చేటప్పుడు రెండు నకళ్ల చలాన్ రాయాలి: తేదీ, ప్రతులు, వెల, కమిషన్ శాతం, కింద తీసుకున్నవారి సంతకం, షాపు ముద్ర. ఒక్కో షాపుకు నోటు పుస్తకంలో ఒక పేజీ. ఒకేసారి యాభై ఇవ్వకండి. పది ఇచ్చి, వాటి డబ్బు వచ్చాక ఇంకో పది ఇస్తే షాపుకు మళ్లీ ఫోన్ చేసే కారణం ఉంటుంది, ఏవి కదులుతున్నాయో కూడా తెలుస్తుంది. ‘అయిపోయాయండీ, ఇంకో ఇరవై పంపండి’ అన్నప్పుడే పాత బిల్లు మాట ఎత్తాలి. అది దాటిపోతే మళ్లీ దొరకదు. అట్ట మాసి, స్టిక్కర్లు అంటించి తిరిగొచ్చిన ప్రతులను ఎవరి ఖాతాలో వేయాలో కూడా చలాన్ మీదే రాసుకోవచ్చు.

పన్ను కాగితాలతో సరిచూసుకోవడం

ప్రచురణకర్త ఏడాదికి రూ.50,000 దాటి రాయల్టీ ఇస్తే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి (2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు రూ.30,000). పాన్ ఇవ్వకపోతే 20 శాతం. కోసింది ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పన్ను జమల పట్టికలో (పాత చట్టంలో ఫారం 26ఏఎస్) కనిపిస్తుంది. అక్కడ చూపిన మొత్తమూ స్టేట్‌మెంట్‌లో చెప్పిన మొత్తమూ ఒకటి కాకపోతే ఎక్కడో ఏదో తప్పింది. పై ఉదాహరణలోని రూ.9,100కు టీడీఎస్ ఉండదు కాబట్టి ఈ దారి పెద్ద మొత్తాలకే. రాయల్టీలోంచి జీఎస్టీ కోశామంటే మాత్రం ఒప్పుకోకండి. రచయిత విడిగా కోరుకుంటే తప్ప, రచన హక్కు ఇచ్చినందుకు పడే జీఎస్టీ కట్టాల్సింది ప్రచురణకర్తే.

సాహిత్య, కళా, శాస్త్ర గ్రంథాల రాయల్టీకి 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80క్యూక్యూబీ కింద ఏడాదికి రూ.3 లక్షల దాకా మినహాయింపు ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది. అమ్మిన పుస్తకాల విలువలో 15 శాతం దాటిన రాయల్టీని లెక్కలోకి తీసుకోరు. ప్రచురణకర్త నుంచి ఫారం 10సీసీడీ తెచ్చుకోవాలి. బడి పాఠ్యపుస్తకాలు, గైడ్లు, డైరీలకు వర్తించదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం కాబట్టి సెక్షన్, ఫారం నంబర్లు మారాయి, ఆడిటర్‌ని అడిగేటప్పుడు అది చెప్పండి.

లెక్క ఇవ్వనే ఇవ్వకపోతే

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని అర్థం చేసుకుంటారు. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు, ఆ హక్కు రద్దవుతుంది. రాయల్టీ వసూలు తగాదాలకు సెక్షన్ 19ఏ దారి చూపుతుంది; 2021 తర్వాత అవి వాణిజ్య న్యాయస్థానాలకు వెళ్తాయి. తొమ్మిది వేల రూపాయలకు ఎవరూ కోర్టుకెక్కరు, ఎక్కమని చెప్పను. అయితే బాకీకి దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఉన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఆ గడువులోపు ‘ఇంత బాకీ ఉన్నాం’ అని సంతకం చేసిన కాగితం చేతిలో ఉంటే గడువు మళ్లీ ఆ రోజు నుంచి మొదలవుతుంది. ఏటా స్టేట్‌మెంట్ అడిగి తీసుకోవడం వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి.

అన్ని హక్కులూ ఒకేసారి డబ్బు తీసుకుని రాసిచ్చేసినవాళ్లకు అమ్మకాల లెక్క అడిగే హక్కు, ఒప్పందంలో ఉంటే తప్ప, ఉండదు. అలాంటి కాగితం మీద సంతకం పెట్టేముందు కనీసం హక్కులు ఎంతకాలానికో రాయించుకోండి.

వారసుల సంగతి కూడా చెప్పాలి. రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైట్ కుటుంబానిదే. అయినా ఎవరితో ఏ ఒప్పందం ఉందో పిల్లలకు తెలీక పునర్ముద్రణలు ఊరికే జరిగిపోతాయి. ఒప్పందాల నకళ్లు, ఆఖరి స్టేట్‌మెంట్, ప్రచురణకర్త దగ్గర ఇచ్చిన బ్యాంకు ఖాతా వివరం ఒకే ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి. ఒప్పందంలో ‘రచయిత లేదా వారి చట్టబద్ధ వారసులకు’ అన్న మాట లేకపోతే తర్వాతి స్టేట్‌మెంట్ అడిగే ఉత్తరంలోనే, ఆ మాట చేరుస్తూ ఒక చిన్న అనుబంధ పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేద్దామని రాయండి.